తగలని టచ్

"ఆయనకి మేలే చేశాను కదా మాస్టారూ, మరి రావడం ఎందుకు మానేశారు?" అని హైమవతి అడిగింది. ఏకాంబరం మాస్టారు ఉప్పుకాగితంతో ఒక కత్తికి పట్టిన తుప్పు గీకుతున్నారు. తల ఎత్తలేదు. ప్రశ్నకి జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. ఏది అడిగినా కాసేపు ఊరుకుని, తర్వాత ఏదో ఒక పని చెబుతారు. ఆ పనిలో జవాబు దొరికితే మన అదృష్టం. పన్నెండేళ్ళుగా ఆయన దగ్గరున్న నాకు దొరికినవి మూడో నాలుగో.

మాది చిన్న లీగు. పిఠాపురం, తుని, సామర్లకోట, రామచంద్రపురం, నాలుగు ఊళ్ళూ కలిపి ముప్పై మందిమి. ప్రతి ఆదివారం పొద్దున్న ఒక మూతపడ్డ రైసుమిల్లు గోడౌనులో ఫెన్సింగ్ ఆడతాం. కత్తులని కంగారు పడకండి. మొన మొద్దుగా ఉంటుంది, మొహానికి జాలీ మాస్కు, ఒంటికి దళసరి తెల్లకోటు. పెద్ద పోటీల్లో కత్తికి తీగ తగిలించి, మొన తగలగానే దీపం వెలిగే ఏర్పాటు చేస్తారు. మాకు అది లేదు. మాస్టారు వద్దన్నారు. ఆడేవాళ్ళ చుట్టూ నలుగురు నిలబడి చూస్తారు, తగిలిందా లేదా అని రిఫరీ వాళ్ళని అడుగుతాడు. తగిలితే ఒక టచ్, అంటే ఒక పాయింటు; ముందు అయిదు వచ్చినవాళ్ళది గెలుపు. అయితే ఆ నలుగురి కంటే పై మాట ఒకటుంది. దెబ్బ తిన్న మనిషి తనంతట తాను ఖాళీ చెయ్యి ఎత్తి "తగిలింది" అంటే, ఇక ఎవర్నీ అడగరు. ఆ మాటకి తిరుగులేదు. కొట్టిన మనిషి మాత్రం నోరు మెదపకూడదు. తగిలిందనీ అనకూడదు, తగల్లేదనీ అనకూడదు.

హైమవతి అడిగింది తుని అంజిబాబు గారి గురించి. ఆయన టైలర్. మా అందరి తెల్లకోట్లూ ఆయన కుట్టినవే. యాభై అయిదో ఏట కత్తి పట్టారు, ఈ ఏడు పందొమ్మిది ఆటలాడి పందొమ్మిదీ ఓడిపోయారు. ఓడిన ప్రతిసారీ మాస్కు తీసి చెమట తుడుచుకుంటూ "ఈ వారం కాస్త దగ్గరికొచ్చానండి" అనేవారు. మాలో కొందరు చాటుగా నవ్వేవాళ్ళు. ఆ కొందరిలో నేనూ ఉన్నానని చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. ఆయన ఇరవయ్యో ఆట హైమవతితో పడింది. పోస్టాఫీసులో పనిచేసే పిల్ల, మాస్టారి శిష్యుల్లో మేటి. ఆ రోజు అంజిబాబు గారికి ఏం పూనిందో, ఎప్పుడూ లేనంత బాగా ఆడి నాలుగు టచ్‌లు సంపాదించారు. నాలుగుసార్లూ హైమవతే చెయ్యెత్తి ఒప్పుకుంది, చుట్టూ నిలబడి చూస్తున్న మా నలుగుర్నీ అడగాల్సిన పని పడలేదు. ఆమెకీ నాలుగే. అయిదోది ఎవరికి దక్కితే ఆట వాళ్ళది. అంజిబాబు గారు ముందుకి దూకారు. ఆయన కత్తి ఆమె భుజానికి బెత్తెడు దూరంలో గాలిలో పోయింది. ఆ మూల నిలబడి చూస్తున్నవాణ్ణి నేనే. హైమవతి ఖాళీ చెయ్యి ఎత్తి "తగిలింది" అంది.

గోడౌనంతా చప్పట్లు. ఆయన మాత్రం చాలాసేపు మాస్కు తియ్యలేదు. తీశాక దగ్గరికొచ్చానని గానీ గెలిచానని గానీ అనకుండా సంచి సర్దుకుని బస్సుకి వెళ్ళిపోయారు. తర్వాత రెండు వారాలు రాలేదు. మూడో వారం ఆయన తెల్లకోటు చక్కగా ఇస్త్రీ చేసి, ఎవరికైనా సరిపోతే వాడుకోమని చీటీ పెట్టి, బస్సు పార్సిల్లో పంపారు. ఆ పార్సిల్ చేతిలో పట్టుకునే హైమవతి మాస్టార్ని అడిగింది.

మాస్టారు కత్తి తుడిచి, "మాస్కు పెట్టుకోమ్మా, ఓసారి ఆడదాం" అన్నారు.

డెబ్భై దాటిన మాస్టారి మీద మాలో ఎవరికీ ఒక ఆటలో రెండు టచ్‌లు మించి పడలేదు. హైమవతి మొదటి దెబ్బ పక్కనుంచి పోయింది. మాస్టారు చెయ్యెత్తి "తగిలింది" అన్నారు. రెండోది ఆయన కత్తితోనే పక్కకి నెట్టేశారు. అయినా "తగిలింది" అన్నారు. హైమవతి ఇబ్బందిగా నవ్వింది. మూడోసారి మాత్రం ఆమె నిజంగా ఆడింది. నాలుగేళ్ళుగా సాధన చేస్తున్న ఎత్తు అది. కత్తి మెరుపులా తిరిగి ఆయన పక్కటెముకల వైపు వెళ్ళింది. తగిలిందనే నాకనిపించింది. మాస్టారు అదే చెయ్యెత్తి, అదే గొంతుతో "తగిలింది" అన్నారు.

హైమవతి కత్తి దించేసింది. "మాస్టారూ, ఇది నిజంగా తగిలిందాండి?"

"తగిలిందన్నాను కదమ్మా."

"ముందు రెండింటికీ అలాగే అన్నారు. నాకు ఇది తెలియాలండి."

మాస్టారు మాస్కు తీసి, మళ్ళీ ఉప్పుకాగితం అందుకున్నారు. హైమవతి కళ్ళు తుడుచుకుని, పార్సిల్ తీసుకుని బయటికి నడిచింది. నేనూ వెంట వెళ్ళాను. ఆ రోజు చూసి కూడా ఊరుకున్నది నేనే కదా.

తునిలో అంజిబాబు గారు మిషను మీద బడి యూనిఫారాలు కుడుతున్నారు. మమ్మల్ని చూసి స్టూళ్ళు జరిపారు. హైమవతి కూర్చోలేదు. "ఆ అయిదోది తగల్లేదండి. నేను అబద్ధం చెప్పాను."

"అది నాకు తెలుసమ్మా," అన్నారాయన. మిషను ఆగింది. "ముందు నాలుగూ తగిలాయనే అనుకున్నాను. ఇంటికొచ్చాక అవీ నువ్వు జాలిపడి ఇచ్చినవేనేమో అనిపించింది. అప్పట్నించీ కత్తి పట్టబుద్ధి కాలేదు."

"నాలుగూ తగిలాయండి," అని, ఆ మాట ఇప్పుడు చెల్లదని తనకే తెలిసినట్టు ఆగిపోయింది. అప్పుడు నేను నోరు విప్పాను. "నేను చూశానండి. నాలుగూ తగిలాయి, అయిదోది తగల్లేదు. ఆ రోజే చెప్పాల్సింది." ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. నమ్మారో లేదో తెలియలేదు. చివరికి దారం తెంపి, "ఆదివారం వస్తాను. కానీ నువ్వు చెయ్యెత్తొద్దమ్మా. ఆ నలుగుర్నే చెప్పనీ" అన్నారు. మా లీగులో ఒక మనిషిని అంతకంటే గట్టిగా శిక్షించే మాట లేదు. హైమవతి తల ఊపి, కోటు బల్ల మీద పెట్టింది.

ఆదివారం ఇద్దరూ ఆడారు. మాట ప్రకారం హైమవతి చెయ్యి దించుకునే ఉంది. మేం నలుగురం చెప్పింది చెప్పినట్టు రిఫరీ లెక్క వేశాడు. ఆమెకి మూడు, ఆయనకి ఒకటి. అప్పుడు ఇద్దరూ ఒకరి మీదికి ఒకరు వచ్చి కలబడ్డారు. విడిపోయాక రిఫరీ మమ్మల్ని అడిగాడు. మా నలుగురికీ ఏమీ కనబడలేదు. "లేదు" అన్నాం. హైమవతి కదల్లేదు. అంత దగ్గరగా కలబడ్డప్పుడు మొన తగిలిందో లేదో ఆమె ఒంటికే తెలియాలి. మెల్లగా ఖాళీ చెయ్యి ఎత్తి, "తగిలింది" అంది.

అంజిబాబు గారు మాస్కులోంచి ఆమెని చాలాసేపు చూశారు. నియమం ప్రకారం ఆయన ఏమీ అనడానికి లేదు. తర్వాత వెనక్కి తిరిగి, తను మొదట నిలబడిన గీత దగ్గరికి నడిచి, కత్తి ఎత్తి నిలబడ్డారు.

హైమవతి మాస్టారి వైపు తిరిగింది. "నమ్మారంటారా మాస్టారూ?"

"ఆయన ఆటకి సిద్ధంగా ఉన్నారమ్మా," అన్నారు మాస్టారు. "నువ్వింకా ఇక్కడే ఉన్నావేం?"