చెంగమ్మ కొన్న చక్రాల గది

అనగనగా, రాజుల కోటలు కూలిపోయి వాళ్ళు వేసిన బాటలు మాత్రం మిగిలిన రోజుల్లో, ఒక ఏటి ఒడ్డు సీమలో చెంగమ్మ అనే బాతుల కాపరి ఉండేది. ఆమెకు ఎనిమిది వందల బాతులు, ఒక చిన్న ట్రాక్టరు, పెంచలయ్య అనే మొగుడు. వీటన్నిటిలో ఆమె మాట వినేది ట్రాక్టరు ఒక్కటే.

బాతుల వాళ్ళకు ఫలానా ఊరంటూ ఉండదు. ఎక్కడ వరికోతలైతే అక్కడికి మందను తోలుకుపోతారు. రాలిన గింజలూ నత్తలూ బాతులు తింటాయి, మడి గట్టు మీద వేసిన గుడారంలో మనుషులు పడుకుంటారు. చెంగమ్మా పెంచలయ్యా అలా ఇరవై ఏళ్ళు తడి నేల మీదే పడుకున్నారు.

ఆ తడి చివరికి పెంచలయ్య రొమ్ములోకి ఎక్కింది. వాన పడితే చాలు, ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నిద్ర పట్టదు. వైద్యుడు చూసి, చేదైనా నిజమే చెప్పాడు.

"ఇంకొక్క వానాకాలం తడి నేల మీద పడుకుంటే ఈయన నీకు దక్కడు తల్లీ."

మందను అమ్మేసి ఏదో ఒక ఊళ్ళో కుదురుగా ఉందామా అంటే, ఇద్దరికీ తెలిసిన బతుకు అదొక్కటే. చెంగమ్మ ఏడవలేదు. కొంగు బిగించి దోపుకుంది.

"వానలు రాకముందే నీకు పొడి నేల చూపిస్తా మావా," అంది.

పట్నంలో కారవాన్లు అనేవి ఉంటాయని ఆమె విని ఉంది. సినిమా వాళ్ళవి పెద్దవట. చిన్నవీ ఉంటాయట. నీళ్ళ ట్యాంకులూ చేపల పడవలూ చేసే ఫైబరుతోనే చేసిన గది, కింద రెండు చక్రాలు. ట్రాక్టరు వెనుక తగిలించుకుంటే ఎక్కడికంటే అక్కడికి వస్తుంది. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి ఎవరో వాడి వదిలేసినది కొనాలి. అదైనా ఒక్కసారే. ఎవరైనా పనికిమాలినది అంటగడితే మళ్ళీ కొనుక్కునే శక్తి ఆమెకు లేదు, అందాకా ఆగే ఓపిక పెంచలయ్య ఊపిరికి లేదు.

ముందుగా ఆమె పానకాలు అనే వ్యాపారి దొడ్డికి వెళ్ళింది. అక్కడొక గది తళతళలాడుతోంది. తెల్లగా, గుండ్రంగా, బాతు అప్పుడే పెట్టిన గుడ్డులా ఉంది.

"చూడమ్మా, అచ్చం పెళ్ళికూతురే. దీని యజమాని వారానికొకసారి తుడవడానికి తప్ప దీన్ని ముట్టుకోనేలేదు," అన్నాడు పానకాలు.

చెంగమ్మకు కారవాన్ల సంగతి ఏమీ తెలియదు. గుడ్ల సంగతి మాత్రం బాగా తెలుసు. గుడ్లను బుట్టకెత్తే ముందు బాతుల వాళ్ళు రెండేసి చేతిలోకి తీసుకుని ఒకదానికొకటి మెల్లగా తగిలిస్తారు. మంచి గుడ్డు ఖంగుమంటుంది. కంటికి కనబడని బీట ఉన్నది మొద్దుగా పలుకుతుంది. ఆమె వేలి కణుపులతో గోడను తట్టుకుంటూ గది చుట్టూ తిరిగింది. టక్, టక్, టక్. కిటికీ కిందికి వచ్చేసరికి దబ్, దబ్.

అక్కడ గోటితో గీకింది. కొత్త రంగు పెచ్చుగా ఊడి, లోపల జానెడు మేర తడిసిన లప్పం బయటపడింది.

"పెళ్ళికూతురి ముఖాన పూత కాస్త ఎక్కువైందన్నా," అంది చెంగమ్మ.

"అందరూ కళ్ళతో చూసి కొనుక్కుపోతారమ్మా. ఇట్లా తలుపు తట్టినట్టు తట్టేవాళ్ళను నేనెక్కడా చూడలేదు," అని పానకాలు నొచ్చుకున్నాడు.

తరువాత రత్నాంబ అనే ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ గదిలో కాలు పెట్టగానే సాంబ్రాణి పొగ, దాని మీద అగరుబత్తి, దాని మీద మల్లెల అత్తరు. ఇంత పరిమళం ఊరికే ఎవరూ పెట్టరని చెంగమ్మ ముక్కు చెప్పింది. కానీ ముక్కు మాట ఒక్కటే నమ్మి మంచి బేరం వదులుకోకూడదు కదా.

గుడ్డు లోపల ఎలా ఉందో చూడాలంటే బాతుల వాళ్ళు దాన్ని పిడికిట్లో పట్టి ఎండకు ఎత్తుతారు. వెలుగు లోపలి గుట్టంతా చెప్పేస్తుంది. చెంగమ్మ మిట్టమధ్యాహ్నం దాకా ఆగి, తలుపులూ కిటికీలూ బిగించుకుని లోపల కూర్చుంది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే, కప్పులో ఆరేడు చోట్ల సూదిబెజ్జాల్లోంచి ఎండ దిగుతోంది. అవి పడుతున్న చోట నేలచెక్కను మడమతో నొక్కితే మెత్తగా దిగబడింది.

"కప్పుకు ఇన్ని బెజ్జాలెందుకమ్మా?" అని అడిగింది బయటికి వచ్చి.

"గాలి ఆడాలని వదిలామే," అంది రత్నాంబ.

"వాన కూడా ఆడుతుంది కదమ్మా," అని చెంగమ్మ దణ్ణం పెట్టి వచ్చేసింది.

ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. ఇంకా చినుకైనా పడలేదు, పెంచలయ్యకు చెమ్మగాలికే ఎగశ్వాస మొదలైంది. ధర తగ్గిస్తానని పానకాలు కబురు పెట్టాడు. పెంచలయ్య కూడా అలసిపోయి, "ఏదో ఒకటి తీసుకోవే," అన్నాడు.

"ఏదో ఒకటి నాకొద్దు. పొడిది కావాలి," అంది చెంగమ్మ. ఆమె గొంతులో కోపం ఉంది. అది మొగుడి మీద కాదు, మబ్బుల మీద.

మూడోసారి ఆమె వెతుక్కుంటూ వెళ్ళింది మస్తాన్ సాయిబు ఇంటికి. తిరణాళ్ళ వెంట తిరిగి పల్లెజనానికి కళ్ళజోళ్ళు అమర్చిన ముసలాయన. ముప్పై ఏళ్ళు ఆయన దుకాణమూ నివాసమూ ఒక చిన్న ఫైబరు గదే. దాని రంగు ఎండకు వెలిసి, నిలవున్న వెన్నలా పసుపుబారింది. చెంగమ్మ తట్టడానికి చెయ్యెత్తగానే ఆయన ఆపాడు.

"ముందు నే చెప్పేది విను తల్లీ. తలుపు కొంచెం పైకెత్తి తోస్తేనే గడియ పడతాది. కుడిపక్క టైరు మార్చాల. వానొస్తే ఇదిగో, ఇక్కడ కారతాది."

లోపలికి తీసుకుపోయి కప్పు మూలన సుద్దతో గీసిన గుండ్రాన్ని చూపించాడు.

"కొమ్మ విరిగి పడి బీటిచ్చింది. పడవలోళ్ళు అతికినట్టు అతికితే పోయేదే. నా చేతులు వణకతా ఉండాయి, నా వల్ల కాలేదు. అందుకే అమ్ముతా ఉండా."

చెంగమ్మ విన్నది. అయినా తన పద్ధతి మానలేదు. చుట్టూ తట్టింది, అంతటా టక్కుమంది. చీకట్లో కూర్చుంది, సుద్ద గుండ్రంలో తప్ప ఎక్కడా ఎండ చుక్క కనిపించలేదు. బాతుల వాళ్ళ ఆఖరి పరీక్ష నీళ్ళు. పాత గుడ్డు తేలుతుంది, మంచిది మునుగుతుంది. ఆమె పన్నెండు బిందెలు కప్పు మీద గుమ్మరించి పరుగున లోపలికి వచ్చి కూర్చుంది. అంతటా పొడిగానే ఉంది. సుద్ద గుండ్రంలో మాత్రం సాయిబు చెప్పినట్టే బొట్టు బొట్టుగా కారింది.

"మంచి మనిషివి తాతా. కానీ బీటిచ్చిన గుడ్డును నేనెన్నడూ బుట్టలో వెయ్యలేదు. ఒకటి కారితే బుట్టంతా పాడవుతుంది," అని ఆమె లేచి వచ్చేసింది.

జరిగినదంతా విని పెంచలయ్య చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక నవ్వాడు.

"పిచ్చిదానా, అది గుడ్డు కాదే. గుడ్డును అతకలేం. పడవను అతుకుతున్నారు కదా."

చెంగమ్మ గుడ్ల బుట్ట దగ్గరకు లాక్కుని ఏరసాగింది.

"పానకాలు గదిలో బీట ఉందని ఎవరు చెప్పారు?" అని అడిగాడు పెంచలయ్య.

"నేనే కనుక్కున్నా."

"రత్నాంబ గదికి బెజ్జాలున్నాయని?"

"అదీ నేనే."

"నువ్వు కనుక్కోనివి ఆ రెంటిలో ఇంకెన్ని ఉన్నాయో. సాయిబు గదిలో నువ్వు కనుక్కోవడానికి ఆయన ఏమైనా మిగిల్చాడా?"

చెంగమ్మ ముఖం చిన్నబోయింది. ఇరవై ఏళ్ళుగా గుడ్లు ఏరిన తెలివి తనను ఒక గుడ్డంత మేరకే ఆపేసిందని తెలిసి సిగ్గుపడింది. సిగ్గుపడుతూ కూర్చునే తీరిక లేదు కాబట్టి వెంటనే ట్రాక్టరు తీసింది.

ఆమె వెళ్ళేసరికి సాయిబు వాకిట్లో పానకాలు ఉన్నాడు.

"ఆ బీట మీద ఇంత లప్పం, పైన రెండు పూతల రంగు. కొత్త గదే అంటారు జనం. నువ్వు అడిగినదానికి రెట్టింపు ఇస్తా సాయిబూ," అంటున్నాడు.

"కొనేవాళ్ళకు కారతాదని చెప్పి అమ్ముతావా?" అని అడిగాడు సాయిబు.

"చెప్తే ఎవరు కొంటారు?"

"చెప్పారు కాబట్టే నేను కొంటాను," అంది చెంగమ్మ వెనుక నుంచి. "రెట్టింపు ఇవ్వలేను తాతా. అడిగినది ఇస్తా."

సాయిబు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకూ డబ్బుతో పని ఉంది, ముసలితనం ఊరికే గడవదు. అయినా జేబులోంచి తాళంచెవి తీసి చెంగమ్మ చేతిలో పెట్టాడు.

"నా గదిలో ఇంకొకరు తడవకూడదు తల్లీ," అన్నాడు.

సాయిబు కిందే ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పాడు, చెంగమ్మ కప్పెక్కి చేసింది. బీట చుట్టూ ఉప్పుకాగితంతో గరుకు చేసి, పడవల రేవు నుంచి తెచ్చిన గాజునార గుడ్డ పరిచి, పైన జిగురు పూసింది. తొందరపడి తడి ఆరకముందే పూసినందుకు అంచులు లేచాయి. పీకేసి మళ్ళీ వేసింది. ఈసారి జిగురు పలచనై కిందికి జారిపోయింది. అదీ పీకేసింది. మబ్బులు నెత్తి మీదికి వచ్చాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా మూడోసారి, అంగుళం అంగుళం ఆరబెట్టుకుంటూ, గుడ్డ మడత పడకుండా పరిచి, పొరమీద పొర వేసి అతికింది. జిగురు గట్టిపడి రాయిలా అయ్యాక మళ్ళీ పన్నెండు బిందెలు గుమ్మరించింది. సాయిబు లోపల కూర్చుని సుద్ద గుండ్రాన్ని వేలితో తడిమాడు. తడి తగలలేదు. ఆయన బయటికి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

నాలుగో నాటికి వాన దిగింది. మళ్ళూ గట్లూ ఏకమయ్యేలా కురిసింది. తెల్లవారుజామున చెంగమ్మకు ఉలికిపడి మెలకువ వచ్చింది. ఇన్నేళ్ళుగా వానాకాలమంతా ఆమె చెవిలో మోగిన పిల్లికూతల ఊపిరి వినిపించలేదు. గబుక్కున పక్కకు తిరిగి మొగుడి రొమ్ము మీద చెయ్యి వేసింది. రొమ్ము మెల్లగా, ఒద్దికగా లేస్తూ పడుతోంది. పెంచలయ్య చప్పుడు లేకుండా నిద్రపోతున్నాడు, అంతే. చెంగమ్మ ఆ పొడి నేల మీద కూర్చుని అప్పుడు ఏడ్చింది, తనివితీరా.

కాబట్టి పిల్లలూ, లోపమే లేదని చెప్పేవాడి దగ్గరకన్నా, తన లోపం ఎక్కడుందో వేలుపెట్టి చూపించేవాడి దగ్గరే కొనండి. దాచిన బీట ముంచుతుంది, చూపించిన బీటను అతుక్కోవచ్చు.