మంట అని చెప్పు

రాజరత్నమ్మ గారిని ప్రశ్న అడిగి అక్కడికక్కడే జవాబు పుచ్చుకున్న వాళ్ళు లేరు. పల్నాడులో ఒక ఆసుపత్రిలో తల నెరిసేదాకా కాన్పులు చేసి, ఆపైన ప్రసూతి నర్సులకు చదువు చెప్పడానికి కుదురుకున్న మనిషి. ఆమెకు తెలియక కాదు. అడిగిన పిల్ల మొహంలోకి ఒకసారి చూసి, "చేతులు కడుక్కుని రా" అనేవారు. జవాబు పుస్తకంలో లేదు, కాన్పు గదిలో ఉంది అని ఆ మాటకు అర్థం. కొందరికి అది ఆ పూటే దొరికేది. కొందరు చేతులు కడిగీ కడిగీ విసుగెత్తి, అడగడమే మానుకున్నారు.

ఆమె దగ్గర చదువుకునే నర్సు పిల్లల్లో తబిత మానుకునే రకం కాదు. చదువులో చురుకు, చేతిలో పనితనం, ముక్కు మీద కోపం. కత్తెర పట్టిందంటే దర్జీ కూడా అంత తిన్నగా వెయ్యడని పెద్ద నర్సులు మెచ్చుకునేవారు. ఆ కత్తెర సంగతి కొంచెం చెప్పాలి. బిడ్డ తల బయటికి వచ్చే వేళ దారి ఇరుకైతే అక్కడి చర్మం ఎలాపడితే అలా చిరుగుతుందని, ముందే పక్కగా ఒక కోత పెట్టి, కాన్పయ్యాక కుట్టేస్తారు. అవసరం పడ్డప్పుడు అది తల్లినీ బిడ్డనీ గట్టెక్కించే పనే. అయితే ఆ ఆసుపత్రిలో అవసరం వచ్చేదాకా ఆగే అలవాటు పోయింది. తొలికాన్పు అంటే కత్తెర. పోయిన కాన్పులో కుట్లు పడ్డాయంటే ఈసారీ కత్తెర. మత్తు సూది ఉండేది గాని, అది పనిచేసేదాకా ఓపిక పట్టాలి కదా. నొప్పి బాగా ఎక్కువగా ఉన్నప్పుడు కోస్తే ఆ నొప్పిలో ఈ నొప్పి కలిసిపోతుంది, మనిషికి తెలియనే తెలియదు అని నర్సులు ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు. అలా చెప్పుకునే వాళ్ళలో కోయించుకున్న వాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఒక మధ్యాహ్నం, అన్నాలయ్యాక, తబిత రాజరత్నమ్మ గారి ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, నొప్పి మీదుండగా కోస్తే తెలియదంటారు కదా, నిజమేనా? నేను కోసిన వాళ్ళలో గట్టిగా అరిచిన మనిషి లేదు. మరి సూది వేయందే కత్తెర పెట్టొద్దని మీరు అన్నిసార్లు ఎందుకు చెబుతారు?"

రాజరత్నమ్మ గారు ఆమె మొహంలోకి చూశారు. "చేతులు కడుక్కుని రా" అన్నారు.

తబిత లోపల్లోపల గొణుక్కుంటూనే వెళ్ళి కడుక్కుని వచ్చింది. ఆమె వచ్చేసరికి కాన్పు గది గుమ్మంలో ఒక మనిషి తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. పేరు కోటేశ్వరి. మిరప కళ్ళాల్లో తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఇది రెండో కాన్పు. పక్కన అత్త వీరమ్మ, చంకలో బట్టల మూటతో.

"కోస్తారా?" అంది కోటేశ్వరి. లోపలికి అడుగు పెట్టకుండా ఆమె అన్న మొదటి మాట అదే.

"అవసరమైతే" అంది తబిత.

"అయితే నేనింటికి పోతా" అని, నొప్పి వస్తూనే ఉంది, వెనక్కి తిరిగేసింది.

వీరమ్మ కోడలి రెక్క పట్టుకుని ఆపింది. "ఇట్టా ఉండి ఎక్కడికే పోయేది? చూడండమ్మా, పొద్దుటి నుంచి నొప్పులు దాచిపెట్టింది. కళ్ళంలో గోడ పట్టుకుని నిలబడుంటే నేను చూసి ఆటో ఎక్కించా. లేకపోతే ఆ మిరపకాయల్లోనే కనేసేది. ఆస్పత్రంటే చాలు, ఆ కత్తెరే తలుచుకుంటది."

అత్త సాయంతో ఆమెను లోపలికి తెచ్చి, తబిత వెంటనే పరీక్ష చేసింది. ఇంటికి పోవడానికి గాని, ఇంకో ఊరు పోవడానికి గాని వ్యవధి లేదు. పాత కుట్టు గీత గట్టిపడి ఉంది. పెద్ద నర్సులెవరైనా ఉంటే మళ్ళీ అక్కడే కోస్తారని ఆమెకు తెలుసు. మనిషేమో పరీక్ష కాగానే బల్ల దిగి, తొడలు బిగబట్టుకుని కూర్చుంది. అలా బిగబడితే బిడ్డ రాదు, వచ్చినా చీల్చుకుని వస్తుంది. భయపడ్డ దాన్నే ఆమె చేతులారా తెచ్చుకునేలా ఉందని తబితకు గుబులు పట్టుకుంది.

రాజరత్నమ్మ గారు వచ్చి కోటేశ్వరి వీపు మీద చెయ్యి వేశారు. "పోదువుగానిలే. పోయే ముందు ఒక మాట చెప్పు. పోయినసారి కోసినప్పుడు నీకు తెలిసిందా?"

కోటేశ్వరి ఆమె వైపు వింతగా చూసింది. ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు.

"తెలవకుండా ఎట్టా ఉంటదమ్మా? మిరపకాయకి తొడిమ తుంచితే టక్కుమంటదే, అట్టా చప్పుడు కూడా వినపడింది నాకు. ఆ తర్వాత కుట్టేటప్పుడు పోటు పోటుకీ ప్రాణం పోయింది. ఇంటికి పోయాక ఒంటికి పోవాలంటే కారం చల్లినట్టే. పీట మీద కూర్చోలేక ఆ ఏడు కళ్ళానికే పోలా. పిల్లోడికి పాలియ్యాలన్నా పక్కమీద పడుకునే ఇచ్చా."

"మరి అరవలేదా నువ్వు?" అంది తబిత. గొంతులో దబాయింపు పోయింది, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అరిస్తే తిడతారుగా."

"నేనే చెప్పానమ్మా" అంది వీరమ్మ. "అరిచే వాళ్ళని కసురుకుంటారు, తొడ మీద చరుస్తారు, గమ్మునున్న వాళ్ళని బాగా చూసుకుంటారు, కొంగు నోట్లో కుక్కుకోమన్నా. పిల్ల నా మాట విన్నది. బంగారంలాంటి పిల్ల అని ఇక్కడి వాళ్ళంతా మెచ్చుకున్నారు కూడా." గొప్పగా మొదలుపెట్టిన మాట చివరికొచ్చేసరికి ముసలావిడ మూట కింద పెట్టి కోడలి చెయ్యి పట్టుకుంది.

కోటేశ్వరి మొదటి కాన్పు నాటికి తబిత ఈ ఆసుపత్రి గడపే తొక్కలేదు. అయినా తల తీసేసినట్టయింది. కసరడం ఆమెకూ అలవాటే. గమ్మునున్న వాళ్ళను మెచ్చుకోవడం ఇంకా అలవాటు. ఆ మెచ్చుకోలు కోసం ఎంతమంది పళ్ళు బిగబట్టారో ఇప్పుడెలా తెలుస్తుంది?

రాజరత్నమ్మ గారు తబిత వైపు చూడనే లేదు. కోటేశ్వరితోనే మాట్లాడారు.

"కొయ్యబోమని ఒట్టు పెట్టలేను తల్లీ. బిడ్డకు కష్టమైతే కొయ్యాలి. అయితే నీకు చెప్పకుండా, సూది వెయ్యకుండా, అది పనిచేసిందో లేదో నిన్నడక్కుండా ఈ పిల్ల కత్తెర ముట్టుకోదు. అది నా పూచీ. నీ పూచీ కూడా ఒకటుంది. నువ్వు నోరు మూసుకోకూడదు. మంటైతే మంట అని చెప్పు. ఎంత గట్టిగా చెబితే అంత మంచిది."

"నిజంగా అరవమంటారా?"

"కప్పు ఎగిరిపోయినా ఫర్వాలేదు."

కోటేశ్వరి, ఏమనుకుందో ఏమో, మళ్ళీ బల్ల ఎక్కి పక్కకు తిరిగి పడుకుంది. రాజరత్నమ్మ గారు తబిత చెవి దగ్గరికి వచ్చి, "నీకు ఒకటే పని. ఆమె చెప్పేది విను. నీ కళ్ళకు కనిపించేది ఆ తర్వాత" అన్నారు. అని, బిడ్డ గుండె చప్పుడు వినే పని తను తీసుకున్నారు.

అరవమన్నంత మాత్రాన అరుపు వస్తుందా? మొదట్లో కోటేశ్వరి చెయ్యి అలవాటుగా కొంగు కోసం వెతుక్కుంది. ఆసుపత్రి గౌనుకు కొంగెక్కడిది? ఓ మూలుగు బయటికి రాగానే వీరమ్మ కూడా అలవాటుగా "ష్" అని, అన్నందుకు తన నోరే తను మూసుకుంది. ఆ తర్వాత నొప్పికి మాత్రం కట్ట తెగింది. మొగుణ్ణి తిట్టింది, మిరపకాయల్ని తిట్టింది, ఆటోవాడు గుంటల్లో తోలాడని వాణ్ణీ తిట్టింది. వరండాలో కూర్చున్న వాళ్ళంతా లేచి నిలబడ్డారట. లోపల ఆమె తొడల బిగువు తనంతట తనే సడలడం తబిత గమనించింది. నోరు తెరుచుకుంటే ఒళ్ళు తెరుచుకుంటుందని పాఠంలో విన్నదే, పరీక్షలో రాసిందే. కళ్ళారా చూడటం ఇదే మొదలు.

తల కనబడింది. చర్మం సాగి సాగి పల్చబడి తెల్లగా పాలిపోయింది. పాత కుట్టు గీత ఇప్పుడో ఇంకాసేపటికో చిట్లేలా ఉంది. తబిత కుడిచెయ్యి, ఎవరూ చెప్పకుండానే, ట్రేలో కత్తెర ఉన్న వైపు కదిలింది. రాజరత్నమ్మ గారు చూస్తూనే ఉన్నారు.

"మంటమ్మా! మంట! మంట!"

తబిత చెయ్యి ఆగిపోయింది. కత్తెర వదిలి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ అందుకుని అక్కడ అదిమి పట్టింది.

"ముక్కొద్దు తల్లీ! నోరు తెరిచి ఊదు. పొయ్యి ఊదినట్టు, చిన్నగా, చిన్నగా... ఎక్కడ ఎక్కువ మంట?"

"కింద! కింద!"

తబిత అరచెయ్యి కిందికి జరిపి ఆనించింది. రెండో చేత్తో బిడ్డ తల ఒక్కసారిగా దూసుకురాకుండా మెత్తగా ఆపింది. "అమ్మా, బిడ్డ?" అని అడిగింది తల ఎత్తకుండా.

"గుండె చక్కగా కొట్టుకుంటోంది. తొందరేం లేదు" అన్నారు రాజరత్నమ్మ గారు.

"ఇప్పుడెట్టా ఉంది కోటేశ్వరీ?"

"కాస్త నయం... అమ్మో, మళ్ళీ మంట!"

"ఊదు, ఊదు. ఆగిపో. మంట తగ్గాక చెప్పు."

అలా ఒకరు చెబుతూ, ఒకరు వింటూ, నొప్పికీ నొప్పికీ మధ్య ఉన్న ఆ కాస్త తెరిపిలో, కోటేశ్వరి "ఇప్పుడు తగ్గింది" అన్నప్పుడు, "అయితే కొంచెం ముక్కు, కొంచెమే" అని తబిత అన్నప్పుడు, బిడ్డ తల మెల్లిగా జారి ఆమె చేతిలోకి వచ్చింది. తర్వాత భుజాలు, తర్వాత అంతా. ఆడపిల్ల. పుట్టడమే అరుస్తూ పుట్టింది. తల్లి రొమ్ముల మీద పడుకోబెడితే, ఇద్దరిలో ఎవరి గొంతు పెద్దదో తేలలేదు. వీరమ్మ ఏడుస్తూ నవ్వుతూ, "దీనికి కొంగు కుక్కుకోమని నేను చెప్పను గాక చెప్పను" అని ఎవరూ అడక్కుండానే ప్రకటించింది.

మాయ పడిపోయాక తబిత లైటు దగ్గరికి లాక్కుని జాగ్రత్తగా చూసింది. పాత గీత పక్కన కాస్త చిరిగింది. పైపైనే, అయితే కుట్టాల్సిందే. భయపడ్డదానికి అది ఏ మూలకీ రాదు. కోటేశ్వరి ఆమె మొహమే చూస్తోంది.

"చిరిగిందా?"

"కొంచెం. ముందు సూది వేస్తా. అది చురుక్కుమంటుంది. తర్వాత మొద్దుబారుతుంది. మొద్దుబారేదాకా నేను కుట్టు మొదలుపెట్టను."

సూది వేసి ఆగింది. ఊరికే ఆగడం ఆమెకు చేతకాని పని. పట్టకారుతో మెల్లిగా ముట్టుకుని, "తెలుస్తోందా?" అంది. అన్ని కాన్పులు చేసిన పిల్ల ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"గిచ్చినట్టుందమ్మా" అంది కోటేశ్వరి. అని, కసురుకుంటారేమోనని కళ్ళు మూసుకుంది.

తబిత కసరలేదు. "సరే, ఇంకొంచెం మందు వేస్తా" అని వేసి, మళ్ళీ ఆగింది. ఈలోగా బిడ్డకు జుట్టు ఎంత ఒత్తుగా ఉందో వీరమ్మ వర్ణించింది, అది తమ వంశం జుట్టేనని తేల్చింది. "ఇప్పుడు?"

"ఏదో ముట్టుకుంటున్నారని తెలుస్తుంది. అంతే."

"నొప్పి?"

"లేదమ్మా. లేదు." కోటేశ్వరి కళ్ళు తెరిచి, నమ్మలేనట్టు ఇంకోసారి అంది: "లేదు!" ఆ మాట చెప్పేసరికి ఆమెకు ఏడుపు వచ్చింది. కుట్లు వేస్తున్నంతసేపూ మనిషి బిడ్డతో కబుర్లు చెబుతూనే ఉంది. తబితకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. తను వేసిన కుట్లలో ఎన్నిటికో మెచ్చుకోళ్ళు వచ్చాయి గాని, కుట్టించుకుంటున్న మనిషి పక్కన అంత హాయిగా కూర్చుని పని చేసింది ఆ రోజే.

కోటేశ్వరిని వార్డుకు పంపాక ఇద్దరూ కుళాయి దగ్గర నిలబడ్డారు. తబిత మోచేతుల దాకా సబ్బు రాసుకుంటూ, "అమ్మా" అంది. ఏదో చెప్పాలని ఉంది. మధ్యాహ్నం అడిగిన ప్రశ్న ఇప్పుడు నోటితో అనడానికే సిగ్గుగా ఉంది. "ఆ మనిషి అన్నిసార్లు మంట అని అరవకపోతే నేను కోసేసే దాన్నమ్మా" అంది చివరికి.

రాజరత్నమ్మ గారు కుళాయి కట్టేసి చేతులు తుడుచుకుంటున్నారు. ఏమంటారోనని తబిత ఆగింది. ఇంతలో ఆయా దానమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది.

"కొత్త మనిషొచ్చిందమ్మా, తొలికాన్పు. ఇందాకటి ఆవిడలాగా కాదు, మహా నెమ్మది. అన్ని నొప్పులొస్తున్నా నోరు తెరవటంలా."

రాజరత్నమ్మ గారు తబిత వైపు తిరిగి, "పరుగెత్తు" అన్నారు.