హైమావతి మూడు పళ్ళాలు

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక మేడ. ఆ మేడ మీద గదిలో హైమావతి అని ఒకావిడ ఒక్కతే ఉండేదమ్మా.

ఉద్యోగం బదిలీ అయి ఆ ఊరొచ్చింది. బడిలో పిల్లలు ఆవిణ్ణి లెక్కల టీచరనేవాళ్ళు. పాలు పోసే అతను అరలీటరు మేడమనేవాడు. ఇరుగుపొరుగు మేడమీదావిడ అనేవాళ్ళు. హైమావతీ అని పిలిచే మనిషి మాత్రం ఆ ఊరు మొత్తం మీద ఒక్కరూ లేరు. పాపం, అద్దంలో మొహం చూసుకుని తనే ఒక్కోసారి పిలుచుకునేది. అలా పిలుచుకుంటే ఇంకా దిగులేసేది.

ఒక ఆదివారం ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. పిజ్జా చేసి ఇళ్ళకి పంచితే, ఆ వంకనైనా ఎవరో ఒకరు మెట్లెక్కి రారా అనుకుంది.

అప్పుడు మైదా పిండిలో పెరుగు పోసి మెత్తగా కలిపి నానబెట్టింది. పొయ్యి మీద దళసరి గిన్నె పెట్టి, అడుగున ఉప్పు పోసి, మూత బిగించి వేడెక్కించింది. కింద వాటాలో అలివేలమ్మగారు నీసు ముట్టదు కదా, అందుకని ముందుగా ఆవిడకి క్యాప్సికం, ఉల్లిపాయ, టమాటా పరిచి కూరగాయల పిజ్జా చేసింది. ఆ తర్వాత పక్కింటి వీరాస్వామి తాతకి. తాతకి పళ్ళు లేవుగా, ఉత్త చీజు మటుకే వేసి మెత్తగా దించింది. ఆ తర్వాత మిరియాలతో కోడికూర వేయించి, ఎదురింటి రాహేలమ్మకి చికెన్ పిజ్జా చేసింది. ఎవరి నోటికి ఏది నచ్చుతుందో అంత బాగా కనిపెట్టిందమ్మా, ఒంటరిగా కిటికీలోంచి చూసీ చూసీ.

కడిగే శ్రమ వాళ్ళకెందుకులే అని మూడింటినీ కాగితం పళ్ళాల్లో పెట్టి ఇచ్చొచ్చింది. అదిగో, అక్కడే పప్పులో కాలేసింది!

ఒకరోజు ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. రెండోరోజు గుమ్మం ముందు రెండు కుర్చీలు వేసి కూర్చుంది. ఎవరూ రాలేదు. మూడోరోజు సాయంత్రం పిట్టగోడ దగ్గర నిలబడితే, అలివేలమ్మగారి స్టీలు గిన్నె తిరిగిచ్చేందుకు రాహేలమ్మ వస్తూ కనిపించింది. ఉత్త గిన్నె ఇవ్వకూడదని అందులో నాలుగు బీరకాయలు పెట్టుకొచ్చింది. అది తీసుకుంటూ అలివేలమ్మగారు ఒక మాటంటే, రాహేలమ్మ రెండు మాటలంది. అలా అరగంట గడిచిపోయింది.

"అయ్యో, నా తెలివి మండా! తిరిగివ్వడానికి వాళ్ళ దగ్గర నేనేం ఉంచానని?" అనుకుంది హైమావతి. మేడమీద ఒక్కతే నిలబడి ఏడ్చింది.

ఆ తర్వాతి ఆదివారం ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున మూడు స్టీలు పళ్ళాలున్నాయి. ఉద్యోగం వచ్చిన కొత్తలో వాళ్ళమ్మ కొని, అంచు మీద కూతురి పేరు కొట్టించి ఇచ్చినవి. ఒక్కదానికి ఇన్నెందుకని ఇన్నాళ్ళూ బయటికే తియ్యలేదు. అప్పుడు మళ్ళీ పిండి కలిపింది, మళ్ళీ మూడు రకాలూ చేసింది, ఆ పళ్ళాల్లో పెట్టి మూడిళ్ళకీ ఇచ్చొచ్చింది.

సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారమూ రాలేదు. నా చేతి వంటే బాలేదేమో అని బెంగపడిపోయింది పిచ్చితల్లి.

బుధవారం బడి నుంచొచ్చి బియ్యం కడుగుతోంది. అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"హైమావతీ! ఏమ్మా హైమావతీ, ఇంట్లో ఉన్నావా?"

ఎవరినో పిలుస్తున్నారనుకుంది. తననే అని తెలిసేసరికి కాసేపు పట్టింది. తడిచేతులతో తలుపు తీస్తే ఎదురుగా రాహేలమ్మ, ఆయాసపడుతూ. చేతిలో పళ్ళెం, పళ్ళెం నిండా జంతికలు.

"రేపూ మాపూ అంటూ ఆలస్యమైపోయిందమ్మా. ఉత్త పళ్ళెం ఎలా ఇస్తాను? ఇదిగో, జంతికలు వండేసరికి ఇవాళైంది. పళ్ళెం మీద పేరు చూసి పిలిచాను, నీ పేరే కదూ?"

హైమావతి తలూపింది. ఆ తర్వాత మెల్లిగా అడిగింది, "ఇంకొక్కసారి పిలవరా?"

ఎందుకని అడగలేదమ్మా రాహేలమ్మ. కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని, "హైమావతీ, కాసిని మంచినీళ్ళియ్యి తల్లీ" అంది.

మిగిలిన రెండు పళ్ళాలూ ఇంకా రాలేదు. హైమావతి అడగనూ లేదు. అవి ఇంకా రావాలి కదా అని, ఆ రెండో కుర్చీ మాత్రం లోపలికి తియ్యలేదు.

కథ నడిచి కంచికెళ్ళింది,
పళ్ళెం నడిచి ఇల్లు చేరింది,
పిలవకుండానే మా పాప కళ్ళకు
నిద్దరొచ్చి కూర్చుంది.