పాముకాటు మందు మీద ప్రశ్న

పరాంకుశం మాస్టారు ఏ ప్రశ్నకీ సూటిగా జవాబు చెప్పరు. ముప్పయ్యేళ్లు శాసనసభలో మాటలు రాసుకునే ఉద్యోగం చేసినవారాయన. సభ నడిమధ్య చిన్న బల్ల దగ్గర కూర్చుని, ఎవరేమన్నా పొల్లుపోకుండా షార్ట్‌హ్యాండులోకి దించడం ఆయన పని. అన్నేళ్లు జవాబులు విన్నవారికి జవాబుల మీద నమ్మకం పోవడంలో వింతేమీ లేదు. రిటైరయ్యాక మా ఊళ్లో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. టైపు మిషన్లు ఎప్పుడో మూలపడ్డాయి గానీ, శిష్యులు మాత్రం ఏదో ఒకటి అడగడానికి ఇప్పటికీ వస్తూనే ఉంటారు. ఆయన వచ్చినవాళ్లను ఎగాదిగా చూసి, కూర్చోమని, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి పంపించేస్తారు. అడిగినదానికీ చెప్పినదానికీ సంబంధమేమిటని ఎవరైనా అంటే కోపం వస్తుంది. నేనూ ఆ ఇన్‌స్టిట్యూట్ సరుకునే కాబట్టి ఆ కోపం రుచి నాకు బాగా తెలుసు.

మొన్న ఆదివారం రత్నకుమారి వచ్చింది. మాతోపాటే అక్కడ షార్ట్‌హ్యాండు నేర్చుకుంది, ఈసారి ఎన్నికల్లో శాసనసభ్యురాలైంది. కారు దిగి, చెప్పులు బయటే విడిచి, మేమంతా ఒకప్పుడు కూర్చున్న పాత బెంచీ మీదే కూర్చుంది. ఆ అణకువ నిజమైనదా, వాకిట్లో నలుగురూ చూస్తున్నారనా అని నాకు అనుమానం వచ్చిన మాట దాచను. ఆమె నియోజకవర్గంలో ప్రతి ఇంటికీ కుళాయి నీళ్లు అందుతున్నాయని మంత్రి సభలో చెప్పాడట. ఆమె తిరిగిన ఊళ్లలో మాత్రం ఆడవాళ్లు బిందెలు పట్టుకుని మైలు దూరం నడుస్తున్నారట.

"పచ్చి అబద్ధం మాస్టారూ. రేపు మళ్లీ ఆ ప్రశ్న సభకు వస్తుంది. మంత్రి తప్పించుకోవడానికి వీల్లేకుండా ఎలా అడగాలో చెప్పండి" అంది.

మాస్టారు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. తర్వాత సూర్రావు గారి సంగతి ఎత్తుకున్నారు.

యర్రంశెట్టి సూర్రావు ఉత్తరాంధ్రలో కొండవార నియోజకవర్గం నుంచి గెలిచిన ప్రతిపక్ష సభ్యుడు. అక్కడ దొండపాక అనే ఊళ్లో ఉన్న సర్కారు ఆసుపత్రే చుట్టుపక్కల పద్నాలుగు పల్లెలకీ దిక్కు. ఒక తొలకరిలో గంగులు అనే కౌలు రైతు భార్య జీడితోటలో చితుకులు ఏరుతుంటే నాగుపాము కరిచింది. గంగులు ఆమెను సైకిలు మీద తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని దొండపాక తీసుకొచ్చాడు. మందు లేదు, పట్నం తీసుకుపొమ్మన్నారు. పట్నం దారిలోనే ఆమె ప్రాణం పోయింది. దాన్నైనా అతను ఎలాగో దిగమింగేవాడేమో. కానీ దినం కాకముందే అత్తవారు వచ్చి, ఆసుపత్రిలో మందు ఉందట, కాంపౌండరే చెప్పాడు, నువ్వు మంత్రగాడి దగ్గర పొద్దు గడిపి మా పిల్లను చంపుకున్నావు, అన్నారు. మూడేళ్ల మనవరాలిని ఎత్తుకుపోయి, అతన్ని గడప తొక్కనివ్వలేదు. ఊరు కూడా కాంపౌండరు మాటే నమ్మింది. చినిగిన తువ్వాలు కప్పుకున్నవాడి మాట కంటే తెల్లకోటు మాట బరువు కదా.

గంగులు సూర్రావు ఇంటికి వచ్చి గుమ్మం ముందు గొంతుక్కూర్చున్నాడు. "నాను మంతరగాడి కాడికెల్లనేదు బాబూ. తిన్నగా ఆసుపత్రికే తెచ్చినాను. మందు నేదన్నారు. ఆ ఒక్క మాట సర్కారు నోట అనిపించండి. నా గుంట నాకొచ్చెత్తాది" అన్నాడు.

సూర్రావు చెడ్డవాడేం కాదు. ఆ మాట విని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఆ కన్నీళ్లు నిజమేనని నేను నమ్ముతాను. ఆయన విషయంలో నేను నమ్మేది అదొక్కటే" అన్నారు మాస్టారు. సూర్రావు వెంటనే సభకు ప్రశ్న పంపాడు. గంగులుని రైలెక్కించి హైదరాబాదు తీసుకెళ్లి, పాసు ఇప్పించి, పైన సందర్శకుల గ్యాలరీలో కూర్చోబెట్టాడు కూడా.

ఆ రోజు ఆరోగ్య మంత్రి లేచి జవాబు చదివాడు. దొండపాక ఆసుపత్రిలో ఫలానా తేదీన పాముకాటు మందు ఉన్నదా అంటే, ఉన్నదండీ. లేనిచో కారణమేమి అంటే, ప్రశ్న ఉత్పన్నం కాదు. సభలో రోజుకి పాతికసార్లు వినపడే మాటలే అవి. ఒక మనిషి చావు ఉత్పన్నం కాకుండా పోవడానికి అర నిమిషం పట్టలేదు.

సూర్రావు లేచాడు. ఉన్నదని మంత్రిగారికి ఎవరు చెప్పారని అడిగాడు. ఆసుపత్రి నుంచి ధ్రువపత్రం వచ్చిందని మంత్రి అన్నాడు. సూర్రావు బల్ల చరిచాడు. "ఆ పత్రం మీద సంతకం పెట్టినవాడు హంతకుడు అధ్యక్షా. వాడి పేరు ఈ సభకు చెప్పి తీరాలి" అన్నాడు. ఆయన వైపు బెంచీలన్నీ దద్దరిల్లాయి.

మంత్రి ఫైలు తిప్పాడు. వెనక నుంచి ఒక అధికారి చీటీ అందించాడు. చీటీ చూసి, మళ్లీ ఫైలు చూసి, మంత్రి తల ఎత్తి నవ్వాడు. షార్ట్‌హ్యాండులో నవ్వుకి గుర్తు లేదు కాబట్టి మాస్టారు దాన్ని రాయలేదు గానీ, ఆ నవ్వు చూసి ఆయన పెన్సిలు ఒక్క క్షణం ఆగిందట. ఎవరి పేరో చెప్పమని ఎదుటివాడు మీద పడుతుంటే, మంత్రి అన్నవాడికి చెమటలు పట్టాలి, లేకపోతే అతను కింది ఉద్యోగినెవరినో బలి ఇవ్వాలి. నవ్వాడంటే మాత్రం అది అడిగినవాడు భయపడవలసిన ఘడియ. "గౌరవ సభ్యుల ఆవేదన నాకు అర్థమైంది. పేరు సభలో చదవడం ఎందుకు, వారు నా గదికి వస్తే పత్రమే చూపిస్తాను" అన్నాడు మంత్రి. సూర్రావు దాన్ని గెలుపనుకున్నాడు. గ్యాలరీ వైపు ఒకసారి చూసి, కండువా సర్దుకుని కూర్చున్నాడు.

మంత్రి గదిలో కాఫీ వచ్చింది, ఆ తర్వాత కాగితం వచ్చింది. పాముకాటు మందు నిల్వ ఉన్నట్టు కాంపౌండరు రాశాడు. దాని కింద డాక్టరు సంతకం. ఆ కింద ఆసుపత్రి సలహా సంఘం అధ్యక్షుడి సంతకం. ఆ రోజుల్లో ఆ సంఘాలకి స్థానిక శాసనసభ్యుడే అధ్యక్షుడు. తేదీ, గంగులు భార్య పోయిన మూడో రోజుది. సూర్రావు తన సంతకాన్ని కాసేపు తనది కాదన్నట్టే చూశాడు. పక్కన సిరా అలికిన మరక కనిపించాక అంతా గుర్తొచ్చింది. ఎవరిదో పెళ్లి. భోజనం చేసి చెయ్యి కడుక్కుని బయటికి వస్తుంటే కాంపౌండరు కాగితాల కట్టతో ఎదురొచ్చి, "ఆసుపత్రివి బాబూ, నెలనెలా ఉండేవే" అన్నాడు. కారు బానెట్ మీద పెట్టుకుని, తడి చేత్తోనే, పక్కవాళ్లతో కబుర్లాడుతూ అన్నిటి మీదా సంతకాలు గీకేశాడు. ఒక్కటీ చదవలేదు.

మంత్రి ఆ కాగితాన్ని మళ్లీ ఫైల్లో పెట్టి తాడు కట్టాడు. "ఇది నా దగ్గర భద్రంగా ఉంటుంది సూర్రావు గారూ. మన మధ్య మాట" అన్నాడు. ఎదుటివాడి పిలక చేతికి చిక్కినప్పుడు దాన్ని పదిమందిలో లాగేవాడు తెలివితక్కువవాడు. మంత్రికి ఆ మాత్రం తెలివి ఉంది.

సాయంత్రం సూర్రావు, సభలో మాటలు రాసే రిపోర్టర్ల గదికి వచ్చాడు. సభ్యులు తమ ప్రసంగం నకలు చూసుకుని తప్పులు దిద్దుకోవడం అక్కడ మామూలే. ఆయన నకలు చదవలేదు. "పరాంకుశం గారూ, ఆ హంతకుడన్న వాక్యం తీసేయండి" అన్నాడు. తీసే అధికారం అధ్యక్షుల వారిదే తప్ప తనది కాదన్నారు మాస్టారు. అప్పుడు కుర్చీలో కూలబడి జరిగిందంతా చెప్పుకున్నాడు. మాస్టారు ఆగలేక, "రేపు సభలో మీరే లేచి, సంతకం నాది, చదవకుండా పెట్టానని చెప్పేయండి. ఆ రైతు మాట నిలబడుతుంది, పిల్ల ఇల్లు చేరుతుంది" అన్నారట. సూర్రావు చూద్దామన్నాడు.

తలుపు బయట వరండాలో గంగులు నిలబడి ఉన్నాడు. తన మాట అబద్ధమని సర్కారు నోటే గ్యాలరీలోంచి విన్నవాడు, అయినా సూర్రావు మీద ఆశ వదులుకోలేదు. "ఆ సంతకం ఎవుడిదో తెలిసినాది బాబూ?" అని అడిగాడు.

సూర్రావు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పరిశీలనలో ఉంది గంగులూ" అన్నాడు. గంగులు ఆ చేతికి దణ్ణం పెట్టాడు.

మాస్టారు అక్కడ ఆపేశారు. "మరి ఆ పాప?" అని అడిగింది రత్నకుమారి.

"అమ్మమ్మ గారింట్లోనే పెరిగింది. సంతలో తండ్రి ఎదురైతే తల తిప్పుకునేదని విన్నాను. సూర్రావు మరో రెండుసార్లు గెలిచాడు. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ మంత్రిని ఆయన మరో ప్రశ్న అడిగినట్టు నేను రాసింది లేదు."

"సంగతి బాగానే ఉంది మాస్టారూ. కానీ రేపు మంత్రిని ఎలా అడగాలో మీరు చెప్పనేలేదు" అంది రత్నకుమారి. ఇంక తిట్లు తప్పవని నేను గోడవైపు జరిగాను. మాస్టారికి ఈసారి కోపం రాలేదు. కళ్లద్దాలు పెట్టుకుని ఆమె చేతులవైపు చూశారు.

"గెలిచిన దగ్గర్నుంచి ఎన్ని సంతకాలు పెట్టావమ్మా?" అన్నారు.