రథాధికారి చదివిన నలభై ఎనిమిది

గుండ్లసీమ రాజు మార్తాండరాజుకు ఆ పొద్దున కోపం వచ్చింది మేకల మీద.

రాజుగారు తన తెల్ల వ్యానులో కొండకోటకు బయల్దేరారు. సగం కొండ ఎక్కేసరికి డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది. డ్రైవరు మస్తానయ్య ఎంత తొక్కినా బండి మనిషి నడక దాటలేదు. వెనకనించి వచ్చిన మేకల మంద రాజుగారిని దాటుకుని పోయింది. అందులో ఒకటి ఆగి, కిటికీలోంచి ఆయన్ని కాసేపు చూసి మరీ పోయింది.

మధ్యాహ్నం సభ కూడింది.

"పొద్దుగూకేలోగా బండికేమైందో తేలాలి. తేల్చినవాళ్ళు ఏదడిగితే అది ఇస్తాను," అన్నాడు రాజు.

రథాధికారి భుజంగరావు లేచాడు. కొలువులో బళ్ళన్నిటికీ ఆయనే పెద్ద. పంచె మాస్తుందని ఏ బండి కిందికీ దూరి ఎరగడు. ఆయన చేతిలో ఎప్పుడూ పలకలాంటి స్కానర్ ఉంటుంది. బండిలో జరిగేదంతా వైరు లేకుండానే దానిమీద అంకెలుగా కనిపిస్తుంది.

"తేలిపోయింది ప్రభూ. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ పూడుకుపోయింది. దాని ముందు ఒత్తిడికీ వెనక ఒత్తిడికీ తేడా పదిలోపు ఉండాలి. నలభై ఎనిమిది చూపిస్తోంది. అంత చూపిస్తే ఇంజను తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. బండిని వీధి చివరిదాకా తిప్పి ఆపేస్తుంటే మసి పేరుకోక ఏమవుతుంది? ఫిల్టర్నీ మార్చాలి, డ్రైవర్నీ మార్చాలి."

మస్తానయ్య తల దించుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ కొలువులో ఉన్నా సభలో నోరు విప్పటం ఆయనకు చేతకాదు.

వెనక స్తంభం దగ్గర నిలబడ్డ కనకాలుకు ఆ మాట మింగుడుపడలేదు. కోటలో జనరేటరూ నీళ్ళ మోటార్లూ చూసుకునేది ఆమే. మస్తానయ్య కొలువు పనిమీద ఇదే వ్యానులో రోజూ ఉప్పు పండే కొటార్లదాకా పోయొస్తాడని ఆమెకు తెలుసు. రానూపోనూ నూరు కిలోమీటర్లు. అంత దూరం వేడిమీద పరిగెత్తే బండిలో మసి దానంతటదే కాలిపోతుంది.

"ప్రభూ, నాకో గంట ఇప్పించండి," అంది.

భుజంగరావు చిన్నగా నవ్వాడు. "ఇది నీళ్ళ మోటారు కాదమ్మా."

"అవునండీ. నీళ్ళ మోటారైతే గంట పట్టదు."

రాజు సరేనన్నాడు.

సభామంటపం కిటికీ కిందే వ్యాను నిలిపి ఉంది. కనకాలు బానెట్ ఎత్తింది. ఫిల్టర్ దగ్గర్నించి రెండు రబ్బరు పైపులు వచ్చి బొటనవేలంత సెన్సార్‌కు తగులుకున్నాయి. ముందు ఒత్తిడి ఒకదాన్లో, వెనక ఒత్తిడి రెండోదాన్లో వస్తుంది. ఆ తేడా చెప్పటమే సెన్సార్ పని. ఆమె పైపులు ఊడదీసి ఊది చూసింది. గాలి సాఫీగా పోయింది. పగుళ్ళు లేవు. ప్లగ్గులో తుప్పూ లేదు. ఇక అనుమానించటానికి ఒక్కటే మిగిలింది.

"నా కొలువు పోయినట్టేనా కనకాలూ?" అనడిగాడు మస్తానయ్య.

"నువ్వేం మాట్లాడొద్దన్నా. నేను చెయ్యి ఊపినప్పుడు ఒక పని చెయ్యి, చాలు," అని ఆ పనేమిటో చెవిలో చెప్పింది. తర్వాత రాణిగారి బండి దగ్గరికి ఒకసారి వెళ్ళొచ్చింది.

గంట కాగానే సభలోకి వచ్చి కిటికీ తెర పక్కన నిలబడింది. బయట ఇంజను మోత మొదలైంది.

"అయ్యగారూ, మోత వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది," అన్నాడు భుజంగరావు.

"మీ యంత్రం ఎంతంటోంది?"

"నలభై ఎనిమిది."

కనకాలు తెర సందులోంచి చెయ్యి ఊపింది. మోత రెట్టింపైంది.

"ఇప్పుడు?"

"నలభై ఎనిమిదే."

"మోత పెరిగినా అంకె పెరగలేదేం?" అన్నాడు రాజు.

"పూడిక అంత గట్టిది ప్రభూ. రాయిలా గడ్డకట్టింది."

"అయ్యగారు ఖాయంగా చెబుతున్నారా?" అంది కనకాలు.

"ఖాయంగా. రాసుకో."

కనకాలు తెర పక్కకు లాగింది. రాజు లేచి వచ్చి కిందికి చూశాడు.

వ్యాను తాళం తిప్పి ఉంది గానీ ఇంజను నడవటం లేదు. మోత పక్కనున్న జనరేటర్‌ది. మస్తానయ్య ఒక చెయ్యి జనరేటర్ మీద ఉంది. రెండో చేతిలో, సెన్సార్ నుంచి ఊడదీసిన రబ్బరు పైపులు వేలాడుతున్నాయి.

"ఇదేమిటి?" అన్నాడు రాజు.

"ఏ మోతో అయ్యగారు అడగలేదు ప్రభూ," అంది కనకాలు.

"ఇంజను లేదు, పొగ లేదు, ఆఖరికి పైపులూ లేవు. అంకె సున్నా ఉండాలి కదా. మరి ఆ సెన్సార్ ఏమంటోంది?" అన్నాడు రాజు.

కనకాలు చేతులు కట్టుకుంది.

"పీక నొక్కేస్తున్నారంటోంది ప్రభూ. నొక్కే చెయ్యి మాత్రం లేదు."

కనకాలు రాణిగారినడిగి ఆమె బండిలోంచి తెచ్చిన సెన్సార్‌ను మస్తానయ్య కింద బిగించాడు. పైపులు తగిలించి, జనరేటర్ ఆపి, ఈసారి వ్యానే స్టార్ట్ చేశాడు.

"ఇప్పుడెంత భుజంగరావూ?" అనడిగాడు రాజు.

భుజంగరావు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"రెండు ప్రభూ."

ముందు రాజు నవ్వాడు, ఆ తర్వాత సభంతా నవ్వింది. కింద మస్తానయ్యకు ఎందుకు నవ్వుతున్నారో వినిపించలేదు గానీ, తన కొలువు నిలిచిందని అర్థమై ఆయనా నవ్వాడు.

"డ్రైవర్ని మార్చేది లేదు. నీకేం కావాలో అడుగు కనకాలూ."

"ఆ స్కానర్ ఇప్పించండి ప్రభూ. దాని తప్పేం లేదు. సెన్సార్ చెప్పిందే అది చెప్పింది. దాన్ని పట్టుకునే మనిషి మారితే చాలు."

రాజు భుజంగరావు చేతిలోంచి స్కానర్ తీసి, తన జరీ ఉత్తరీయంలో చుట్టి కనకాలుకు ఇచ్చాడు.