సగటుకు అందని తోకచుక్క

ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం మా మృత్యుంజయరావు మాస్టారికి చేతకాదు. నేనూ ఆయన శిష్యుణ్ణే, తర్వాత కొండమీద నక్షత్రాలను పరిశీలించే వేధశాలలో ఆయన పక్కన ఉద్యోగం చేసినవాణ్ణి. కాబట్టి ఈ మాట అనే చనువు నాకుంది. మనం తల బద్దలు కొట్టుకుని ఏదైనా అడిగితే, ఆయన నింపాదిగా ఇంకేదో పని చెప్పేవారు. ప్రాణం విసిగిపోయేదనుకోండి.

చెంచులక్ష్మి ఆయన ఆఖరి శిష్యురాలు. ఉదయగిరి పిల్ల, పట్టుపడితే వదలదు. ఎక్కడో దూరాన ఒక పడుచు నక్షత్రం, దాని చుట్టూ పళ్ళెంలా పరుచుకున్న దుమ్ము. ఏళ్ల తరబడి ఆ అమ్మాయి ఆ నక్షత్రం వెలుగునే రంగులుగా విడదీసి పరీక్షిస్తూ కూర్చుంది. ఒకసారి ఆ వెలుగులో సన్నని నల్లగీత ఒకటి కనిపించి, కొన్ని గంటల్లో మాయమైంది. తోకచుక్క ఒకటి ఆ నక్షత్రం దగ్గరికి పోయి, వేడికి ఆవిరైపోతూ, ఆ ఆవిరితోనే వెలుగుకు అడ్డం వచ్చిందని ఆమె నమ్మకం. పరికరంలో లోపమేమోనని అన్నివిధాలా చూసింది. ఏ లోపమూ లేదు.

అయితే మా వాళ్లకో అలవాటుంది. ఒక్కసారి తీసిన కొలతను నమ్మరు. ఎన్నోసార్లు తీసి, అన్నిటినీ కలిపి సగటు కట్టి, నిలకడగా ఉన్నదాన్నే ఉంచుకుంటారు. మిగతాదంతా చెత్త కింద లెక్క. అలా కలిపేసరికి ఈ గీత జాడ లేకుండా పోయింది. "మళ్ళీ రానిదాన్ని ఉందని ఎలా ఒప్పుకోమంటారు? తీసెయ్యండి" అన్నారు పరీక్షకులు. డాక్టరేటు సిద్ధాంతగ్రంథం మర్నాడు పంపాలి. గీత ఉంచితే గ్రంథం వెనక్కి తిరిగొచ్చి, ఇన్నేళ్ల కష్టమూ వృథా కావచ్చు. తీసేస్తే, ఆమె కళ్లారా చూసిన ఒకే ఒక్క సంగతి పోతుంది.

"మాస్టారూ, ఒక్కసారి కనిపించి పోయినదాన్ని ఉందని చెప్పే హక్కు నాకుందా?" అని అడిగింది.

"ముందు వెళ్లి ఫోటో తియ్యమ్మా, అందరూ కాచుకున్నారు" అన్నారాయన. నాకు ఒళ్ళు మండింది.

ఆ రోజు వేధశాల వాళ్లందరికీ మాస్టారింట్లో విందు. ఏటా విందు రోజున వరండాలో అందరం కలిసి ఫోటో దిగుతాం. అదీ మా పద్ధతిలోనే. కెమెరాను స్టాండు మీద పెట్టి వరసగా ఫోటోలు తీసి, కంప్యూటరులో అన్నిటినీ కలిపేస్తాం. రెప్పలు వాల్చిన కళ్లూ, ఎగిరే ఈగలూ మాయమై, నిలకడగా ఉన్నవే మిగులుతాయి. పెళ్లి ఫోటోలు తీసేవాళ్లు చూస్తే పడీపడీ నవ్వుతారు. ఆ ఏడు ఆ పని చెంచులక్ష్మిది. "అమ్మా, మీరూ వచ్చి కూర్చోండి" అని మాస్టారి భార్య సీతారత్నంగారిని ఎంత బతిమాలినా ఆవిడ వింటేనా! "బొబ్బట్లు చల్లారితే ఏం బావుంటాయే, నీ పాటికి నువ్వు తీసుకో" అంటూ వరస పొడుగునా వడ్డిస్తూనే తిరిగారు. కెమెరా దగ్గరున్న పిల్ల నోట్లో కూడా ఒక ముక్క కుక్కి వెళ్లారు.

భోజనాలయ్యాక ఫోటో తెర మీద పెట్టింది. భేషుగ్గా వచ్చింది. ఒక్క కన్నయినా మూతపడలేదు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని, చాలాసేపు చూసి, "మా ఆవిడేదమ్మా?" అన్నారు.

అందరం మీద పడి వెతికాం. లేరు! మా అందరి చేతుల్లో బొబ్బట్లున్నాయి, వాటి మీద నెయ్యి కూడా మెరుస్తోంది. పెట్టిన మనిషే లేదు. సీతారత్నంగారు తొంగిచూసి, "బాగుంది సంబడం! పొద్దున్నుంచీ చాకిరీ చేసిన నేనే లేనుటండీ?" అని పకపకా నవ్వారు. మేమూ నవ్వాం. చెంచులక్ష్మి మాత్రం నవ్వలేదు. విడివిడి ఫోటోలు ఒక్కొక్కటే తెరిచింది. ఒకదాంట్లో ఆవిడ వంగి వడ్డిస్తున్నారు, ఒకదాంట్లో వీపు, ఇంకోదాంట్లో చీర కొంగు.

"మీరు ఒకచోట ఆగలేదమ్మా. అందుకే కలిపితే పోయారు" అంది మెల్లగా.

ఆ దుమ్ము సంగతి ఆమెకు తెలియనిది కాదు. నక్షత్రం తన వెలుగుతో ఆ సన్నని దుమ్మును ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తూనే ఉంటుంది. అయినా పళ్ళెం ఖాళీ కావడం లేదంటే, తోకచుక్కల్లాంటివేవో వచ్చి అరిగిపోతూ, కరిగిపోతూ దాన్ని నింపుతూనే ఉండాలి. తెర మీంచి చూపు తిప్పి మాస్టారి వైపు తిరిగింది.

"అయితే గీత ఉంచమంటారా, మాస్టారూ? గ్రంథం వెనక్కి పంపేస్తే?"

"పంపితే పంపనీ" అన్నారాయన. "నువ్వూ తిన్నావు కదమ్మా. వడ్డించినావిడ లేదని నీ చేత్తో రాయగలవా?"