గిన్నె తిప్పని పీత

ఒకప్పుడు పీతలు కూడా అందరిలాగే ముందుకే నడిచేవి. ముక్కు లేకపోయినా ముక్కుసూటిగా పోయేవి.

ఆ రోజుల్లో జపాను దేశంలో గోంపే అని ఒక పీత ఉండేవాడు. ఆ ఏడు ఎండలకి వాడి మడుగు ఎండిపోయింది. పెళ్లాం ఓసవా, పదకొండుమంది పిల్లలు బురదలో నోళ్లు తెరుచుకుని పడున్నారు. దగ్గర్లో నీళ్లున్నది ఒక్క వాగులోనే. ఆ వాగు షిరాగి అమ్మగారిది. అమ్మగారు కొంగ.

కొంగలు పీతల్ని తింటాయి కదా అంటారా? ఛ ఛ, ఆవిడ అలాంటిది కాదు. మహా మర్యాదస్థురాలు. వాగులో చోటు కావాలంటే ముందు ఆవిడ ఇంట్లో టీ తాగాలి. పద్ధతిగా తాగినవాళ్లకి చోటిస్తుంది. పద్ధతి తప్పినవాళ్లనే తింటుంది. ఇప్పటిదాకా ఒక్కరూ పద్ధతిగా తాగలేదు, అది ఆవిడ తప్పా?

గోంపే వణుక్కుంటూ వెళ్లాడు.

"రా నాయనా, కూర్చో," అంది అమ్మగారు, కళ్లు అరమూసి. కొంగజపం అంటే ఏమిటో అప్పుడు చూడాలి.

పచ్చటి టీ పొడిని వేణ్ణీళ్లలో చిలికి ముందు పెట్టింది. గిన్నె మూడువందల ఏళ్లనాటిది. ఒక పక్కకి ఒరిగిపోయింది. అంచు విరిగితే బంగారంతో అతికించారు. మన ఇళ్లలో అయితే అలాంటిదాంట్లో కోళ్లకి నీళ్లు పెడతాం. అక్కడ దానికి దణ్ణం పెట్టాలి.

"అబ్బ, ఏం వంకర అమ్మగారూ! ఇంత అందమైన వంకర నేనెక్కడా చూడలేదు," అన్నాడు గోంపే.

అమ్మగారు మెడ ఇంకాస్త సాచింది. "మా ముత్తాతలనాటిది. నీ వైపు ఆ బంగారం అతుకుందే, అది దాని ముఖం. ముఖం మీద మూతి పెట్టకూడదు. గిన్నె చేతుల్లోకి తీసుకుని, పక్కకి తిప్పి తాగాలి. నిన్న కప్ప వచ్చింది. పాపం, తిప్పడం మరిచిపోయింది," అని ముక్కు తుడుచుకుంది.

గోంపే కత్తెరల్లాంటి తన చేతుల్ని చూసుకున్నాడు. పట్టుకుంటే గిన్నె పగులుతుంది. పట్టుకోకపోతే తిరగదు. ఎలా చూసినా తనే ఫలహారం. పిల్లలు గుర్తొచ్చి వాడికి ఏడుపొచ్చింది.

అమ్మగారు ముక్కు కొంచెం తెరిచింది.

గోంపే గబుక్కున లేచాడు. గిన్నెని ముట్టుకోకుండా, దాని చుట్టూ తానే అడ్డంగా అడుగులు వేసుకుంటూ అవతలి పక్కకి చేరాడు. మూతి ముంచి గుటగుటా తాగేశాడు.

"గిన్నె తిప్పలేదేం?" అంది అమ్మగారు.

"అంత పెద్దవారిని తిప్పడానికి నేనెంతవాణ్ణి అమ్మగారూ? పెద్దల ముందు మేమే తిరుగుతాం. మా వంశమంతా పుట్టినప్పటినుంచి అడ్డంగానే నడుస్తాం," అని నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు.

అమ్మగారు ఎంత వెతికినా తప్పు దొరకలేదు. సొంత పద్ధతే గొంతులో అడ్డం పడింది.

"అలాగా! సరే, వాగులో ఉండండి. కానీ మీ వంశంలో ఒక్కరు ముందుకి నడుస్తూ కనిపించినా, నువ్వు అబద్ధాలకోరువి. అబద్ధాలకోరుల్ని నేను అతిథులుగా చూడను. తెలిసిందా?"

గోంపే ఇంటికి పరుగెత్తాడు, అడ్డంగానే. నాన్న ప్రాణాలతో వచ్చాడని పిల్లలంతా సంబరంగా ఎదురొచ్చారు.

"ఆగండ్రా! అడ్డంగా! అడ్డంగా నడవండి!" అని అరిచాడు.

"ఎందుకండీ?" అంది ఓసవా.

"మర్యాదే! ముందు పక్కకి తిరుగు, తర్వాత చెప్తా."

అప్పటినుంచే పీతలన్నీ అడ్డంగా నడుస్తున్నాయి. కొంగ కూడా పాపం, అప్పటినుంచే వాగులో ఒంటికాలి మీద నిలబడి, ఏ పీతైనా పొరపాటున ఒక్క అడుగు ముందుకేస్తుందేమోనని మహా మర్యాదగా కనిపెట్టుకుని ఉంది.